కమాన్ పట్టీ ఉలి మొన విరుగుతుంది, పదును (కాల్చి ముంచి గట్టి చేసుడు) ఎట్ల పెట్టాలె?

దేవరకొండ రాయి:
అన్నలూ, మాది దేవరకొండ దిక్కు, రాతి కడీలు కొడతం. ఈఎన్8 (నడిమి రకం కార్బన్ ఉక్కు) ఉలి గ్రానైట్ మీద పూటకే మొద్దుబారుతుందని పాత లారీ కమాన్ పట్టీతోని ఉలి కొట్టించిన. పని మొదలుపెట్టంగనే మొన అంగుళం మేర టక్కున లేచిపోయింది. విరిగిన చోట సగం నల్లగ, సగం తెల్లగ ఉంది. మా కమ్మరాయన ఎర్రగ కాల్చి నీళ్లల్ల ముంచుతడు. ఉక్కే మంచిది కాదంటడు. నిజమేనా?

కొలిమి పక్కన (పాలమూరు):
తమ్మీ, జవాబు ఆ నల్ల సగంలనే ఉంది. కాలే ఉక్కుకు గాలి తగిలిన చోటనే నల్లబడ్తది. అంటే నువ్వు సమ్మెట ఎత్తకముందే, కొలిమిల ఉన్నప్పుడే అక్కడ పర్రె ఉన్నది. ఏండ్లకొద్ది లోడు మోసిన పట్టీల కంటికి ఆనని పర్రెలుంటయి. ఇగ తెల్ల సగం చూడు. ఉప్మా రవ్వ లెక్క గరుగ్గ మెరిస్తే మంట ఎక్కువైనట్టు, సన్నగ బూడిద రంగుల ఉంటే మంట సరిపోయినట్టు.

కమాన్ పట్టీల కార్బన్ 0.5–0.6 శాతం, మీదికెల్లి సిలికాన్, మాంగనీస్. దీన్ని నూనెల ముంచాలె, నీళ్లల్ల ముంచితే పగులుతది. వేడి 850 డిగ్రీల దగ్గర చాలు. 770 దాటితే ఉక్కు అయస్కాంతానికి అంటదు, అక్కడికెల్లి ఇంకొంచెం ఎర్రగైనంక తియ్యి. ఎండల రంగు తెల్వదు, నీడల చెయ్యమను.

అసలు పనితనం ముంచినంకనే. మొన ఒక్కటే అంగుళంన్నర ముంచి తీసి, నూనె తుడిచి, ఇసుకరాయితోని ఒక పక్క తెల్లగ రుద్దు. ఎనుకున్న వేడి మొన దిక్కు నడుస్తది: గడ్డి రంగు, గోధుమ, ఊదా, నీలం. గడ్డి రంగు అంటే 230, రాతి దెబ్బకు పెళుసు. నేనైతే ఊదా పోయి నీలం తిరిగేటప్పుడు, 280 దాటంగనే, మళ్ల ముంచుత. సమ్మెట పడే తలకు మాత్రం పదును పెట్టొద్దు, పెంకులు లేచి కండ్లల్ల పడ్తయి.

బండ డ్రిల్లర్:
పట్టీలెందుకు? క్వారీల అరిగిన జాక్‌హ్యామర్ రాడ్లు తెచ్చుకో. ఆరు పలకల 22 మిల్లీమీటర్ల మంచి ఉక్కు.

కొలిమి పక్కన:
ఉక్కు మంచిదే అన్నా, గానీ నడుమ గాలి పోయే బొక్క ఉంటది. సాగ్గొట్టినా అది సందు లెక్క మిగిలి, మొన అక్కడనే చీలుతది. కొనేదుంటే బొక్క లేని ఆరు పలకల కడ్డీ కొనాలె. ఆ రాడ్డు కొసకు అతికిన కార్బైడ్ (బండ తొలిచే బాగ గట్టి) ముక్కను కొలిమిల పెడితే అతుకు కరిగి ఊడుతది. దానికి పచ్చ రంగు సానరాయితోని సాన పట్టుడే. కాలుతున్నప్పుడు నీళ్లు చల్లితే పలుగుతది.

దేవరకొండ రాయి:
చూసినన్నా, తెల్ల సగం సన్నగనే ఉంది. పాత ఇంజన్ ఆయిల్ నడుస్తదా?

కొలిమి పక్కన:
నడుస్తది, పొగకు దగ్గు ఆగదు. పల్లి నూనె నయం, మన దిక్కు దానికేం కరువు? డబ్బాకు రేకు మూత పక్కన పెట్టుకో, మంట లేస్తే మూసెయ్యి. నీళ్లు మాత్రం పోయకు.