తలకిందులుగా చెట్టు దిగే నీలిపిట్ట ఏది?

గోదారిగట్టు:
మారేడుమిల్లి దగ్గర కాలిబాట పక్కన పెద్ద మాను మీద పిచ్చుకంత పిట్ట కనపడింది. వీపు నీలం, ముక్కు ఎరుపు, నుదుటి మీద నల్లపట్టీ. వడ్రంగి పిట్టయితే పైకి ఎక్కుతుంది కదా, ఇది తల కిందికి పెట్టి చకచకా దిగుతోంది. కొమ్మ అడుగున కూడా నడిచింది. ఇదేం పిట్టండీ? పడిపోదా?

అడవిదారి:
వెల్వెట్ ఫ్రంటెడ్ నట్‌హ్యాచ్ అండి. మన తూర్పు కనుమల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైన పిట్ట ఇదే. ఈసారి దాని కాళ్ళు చూడండి. రెండూ పక్కపక్కన పెట్టదు, ఒకటి పైన, ఒకటి కింద. పై కాలి గోళ్ళతో బెరడు పట్టుకుని వేలాడుతుంది, కింది కాలితో ఒళ్ళు నిలుపుకుంటుంది. వడ్రంగి పిట్టకి బిరుసు తోకే మూడో కాలు. దీని తోక పొట్టిది, మానుకి ఆనించదు, అందుకే ఎటు తిరిగినా దీనికి ఒకటే. పైకెక్కే పిట్టల కంటపడని పురుగులు దిగేటప్పుడు దీనికి దొరుకుతాయి.

సన్నగా ‘సిట్ సిట్ సిట్’ అని గబగబా వినపడితే అక్కడే ఆగండి. మినివెట్లు, రాకెట్ తోక డ్రోంగోల లాంటి పిట్టలతో గుంపు కట్టి వేటకొస్తుంది. ఆ గుంపు దాటిపోయిందా, ఇక ఎంతసేపు నిలబడ్డా ఆకు కదలదు.

ఇది గూడు పెట్టేది చెట్టు తొర్రల్లోనే. లోపల నాచు, జంతువుల వెంట్రుకలు పరుచుకుంటుంది. ఎండుమాను పనికిరాదని కొట్టేస్తుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. అలాంటి తొర్ర ఏర్పడాలంటే చెట్టుకి ఏళ్ళూ పూళ్ళూ పట్టాలి.

జెర్సీతెలుగు:
న్యూజెర్సీలో మా పెరటికి దీని చుట్టం వస్తుంది, వైట్ బ్రెస్టెడ్ నట్‌హ్యాచ్. పొద్దుతిరుగుడు గింజలు ఒక్కోటే ఎత్తుకెళ్ళి ఓక్ చెట్టు బెరడు సందుల్లో దాస్తుంది. అదే చెట్టు మీద బ్రౌన్ క్రీపర్‌ని కూడా చూశా. అది మాత్రం మాను చుట్టూ తిరుగుతూ పైకే పాకుతుంది. పైదాకా వెళ్ళి, పక్క చెట్టు మొదట్లో వాలి మళ్ళీ మొదలుపెడుతుంది.

గోదారిగట్టు:
అడవిదారి గారూ, చాలా థ్యాంక్సండి! ఫోన్లో దాని అరుపు వేస్తే దగ్గరికొస్తుందా? ఆడా మగా ఎలా తెలుస్తుంది?

అడవిదారి:
వస్తుంది, కానీ దయచేసి వెయ్యకండి. వేరే నట్‌హ్యాచ్ తన చోటికి వచ్చిందనుకుని, గూడు వదిలేసి దాన్ని తరమడానికి వస్తుంది. కంటి మీదుగా వెనక్కి సన్నటి నల్లగీత ఉంటే మగది, లేకపోతే ఆడది. ఫోటో తీసుంటే పెట్టండి, చూసి చెప్తాను.