ముదురు రంగు చీర మీదికి ఎలాంటి వెండి చోకర్ బాగుంటుంది?

ప్రశ్న: వచ్చే నెల విశాఖపట్నం బీచ్ రోడ్డులో ఆరుబయట జరిగే మా అక్క పెళ్లి విందుకు ముదురు నీలం పట్టుచీర, నల్లని జాకెట్టు అనుకున్నాను. మెరిసే వెండి చోకర్ తీసుకోవాలా, నల్లబరిచిన ఆక్సిడైజ్డ్ రకమా? సముద్రపు గాలికి వెండి పాడవుతుందేమోనన్న బెంగ కూడా ఉంది.

జవాబు 1: ముందుగా జాకెట్టు మెడ చూసుకోండి. చోకర్ సాధారణంగా 14 నుంచి 16 అంగుళాల పొడవుతో గొంతును అంటిపెట్టుకొని ఉంటుంది కనుక, మెడ మూసిన జాకెట్టు అంచుకు ఒరుసుకొని దాని అందమంతా పోతుంది. వెడల్పాటి మెడ కుట్టించుకోవడం మేలు. రాత్రి దీపాల వెలుగులో మెరుగుపెట్టిన వెండే దూరానికి కూడా కనిపిస్తుంది. ఆక్సిడైజ్డ్ నగలోని చెక్కడపు పని నాకెంతో ఇష్టం, కాని అది పగటిపూట నూలు చీరలకే నప్పుతుంది.

జవాబు 2: వెండిని నల్లబరిచేది ప్రధానంగా గాలిలోని గంధకపు సమ్మేళనాలు, మన ఊరి తేమ ఆ చర్యను వేగవంతం చేస్తుంది. ఒక్క సాయంత్రానికి భయం లేదు. ఇంటికి రాగానే చెమట, సెంటు తుడిచి, గాలి చొరబడని సంచిలో దాచండి. కురుపాం మార్కెట్‌లో కొంటే 925 ముద్ర చూడండి, అంటే 92.5 శాతం వెండి. జర్మన్ సిల్వర్‌లో వెండి అసలు ఉండదు; అది రాగి, నికెల్, జింకుల మిశ్రమం. నికెల్ పడనివారికి మెడ మీద దద్దుర్లు వస్తాయి.

జవాబు 3: చీర అంచు బంగారు జరీ అయితే వెండి దానితో పొసగదు, వెండి జరీ ఎంచుకోండి. చెవులకు చిన్న దుద్దులు చాలు.