కారు కింద ఎర్రటి చుక్కలు: ఇంట్లోనే బాగుచేసుకోవచ్చా?

అన్నా, హైదరాబాద్ నుంచి డాలస్ వచ్చి రెండు నెలలైంది. సెకండ్ హ్యాండ్ ఆటోమేటిక్ కారు కొన్నాను. రాత్రి ఆపిన చోట పొద్దునకల్లా ఎర్రటి చుక్కలు పడుతున్నాయి. అక్కడైతే రాణిగంజ్‌లో సామాను కొని మెకానిక్ చేతిలో పెట్టేవాణ్ణి. ఇక్కడ నేనే చేసుకోగలనా?

— తమ్ముడూ, బోల్టు ముట్టుకోకముందే లీకు ఎక్కడిదో తేల్చుకో. అడుగుభాగం బ్రేక్ క్లీనర్‌తో శుభ్రంగా తుడిచి, రాత్రికి కింద అట్ట పరుచు. చుక్క రూఅఫ్జా రంగులో జిడ్డుగా ఉంటే అది చాలావరకు ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడే, అంటే గేర్‌బాక్స్‌లో ఉండే నూనె. పాతబడితే ఇరానీ చాయ్ రంగుకు తిరుగుతుంది. చుక్క పడిన చోటే లీకు ఉందనుకోకు. బండి నడుస్తుంటే గాలికి వెనక్కి పాకుతుంది కాబట్టి తడి మొదలైన చోటు ముందువైపు, పైవైపు వెతుకు. రేడియేటర్‌కి వెళ్లే గొట్టం చివర తడిగా ఉంటే గొట్టం, క్లాంపు మారిస్తే సరిపోతుంది. ఇంజనూ గేర్‌బాక్సూ కలిసే చోట కారుతుంటే గేర్‌బాక్స్ దించాలి, అది ఇంటి పని కాదు.

పాన్ (గేర్‌బాక్స్ అడుగున ఫ్లూయిడ్ నిలిచే పళ్లెం) అంచు తడిగా ఉంటే గాస్కెట్, అంటే అంచులో కారకుండా పెట్టే పట్టీ, పోయినట్టే, అది చేసుకోవచ్చు. కారుని జాక్ స్టాండ్ల మీద నిలపాలి, ఒట్టి జాకీని నమ్మి కిందికి దూరొద్దు. పాన్ విప్పితే ఫ్లూయిడ్ మూడు నుంచి ఐదు లీటర్ల దాకా వస్తుంది, కొలిచి రాసిపెట్టుకో. పాన్‌లోని అయస్కాంతానికి బూడిదరంగు ముద్ద అంటడం మామూలే. లోహపు ముక్కలు కనిపిస్తే మాత్రం రోగం లోపలుంది. పాత గాస్కెట్‌ని ప్లాస్టిక్ స్క్రేపర్‌తోనే గీకు. ఫిల్టర్ కూడా అప్పుడే మార్చెయ్.

చాలామంది చెడగొట్టుకునేది బిగింపు దగ్గర. గట్టిగా బిగించేకొద్దీ గాస్కెట్ నలిగి బయటికి ఉబ్బుతుంది, బోల్టు చుట్టూ పాన్ అంచు సొట్టపడుతుంది, రెండు బోల్టుల మధ్య నుంచి మళ్లీ కారుతుంది. ముందు అన్నీ వేళ్లతో పట్టించు. తర్వాత టార్క్ రెంచ్‌తో (బిగింపు బలాన్ని కొలిచే పానా) ఎదురెదురుగా రెండు విడతల్లో బిగించు. చాలా పాన్లకు బిగింపు 10 న్యూటన్ మీటర్ల దరిదాపుల్లోనే ఉంటుంది, నీ కారు అంకె సర్వీస్ మాన్యువల్‌లో చూసుకో. రెంచ్ ఆటోజోన్ అనే కారు విడిభాగాల షాపులో డిపాజిట్ కట్టి తెచ్చుకోవచ్చు.

— అన్న చెప్పినదానికి తోడు: ఫ్లూయిడ్ ఓనర్స్ మాన్యువల్‌లో రాసిన రకమే పోయాలి. టొయోటా డబ్ల్యూఎస్ బదులు హోండా డీడబ్ల్యూ-1 పనికిరాదు. మాన్యువల్ బండ్ల గేర్ ఆయిల్ అసలే వద్దు. ఇక్కడి క్వార్ట్ సీసా అంటే 0.946 లీటరు. తీసినంత పోసి, బ్రేక్ తొక్కి పట్టి ఒక్కో గేరులో కొన్ని సెకన్లు ఉంచు. బండి వేడెక్కాక చదును నేల మీద డిప్‌స్టిక్ (ఫ్లూయిడ్ లెవెల్ చూసే కడ్డీ) చూడు. చాలా కార్లకు ఇంజన్ నడుస్తుండగానే చూడాలి, హోండాలకు ఆపి చూడాలి. ఎక్కువైతే నురగ కట్టి గేరు జారుతుంది.

అన్నా, నా కారుకి డిప్‌స్టిక్కే కనిపించట్లేదు!

— అయితే అది సీల్డ్ రకం, అంటే డిప్‌స్టిక్ లేని గేర్‌బాక్స్, కావచ్చు. పాన్ విప్పేముందే పైన ఫిల్ బోల్టు (ఫ్లూయిడ్ పోసే రంధ్రానికి బిగించినది) ఊడుతుందో లేదో చూడు. అది ఊడకపోతే ఉన్న ఫ్లూయిడ్ పోయి, కొత్తది పోసే దారి లేక బండి అక్కడే ఆగిపోతుంది. లెవెల్ కూడా ఫ్లూయిడ్ మాన్యువల్‌లో చెప్పిన వేడిలో ఉన్నప్పుడే చూడాలి, ఆ వేడి తెలియాలంటే కారు కంప్యూటర్‌ని చదివే స్కానర్ కావాలి. స్కానర్ లేకపోతే ఈసారికి షాపుకే ఇవ్వు.