అప్‌డేట్: ల్యాప్‌టాప్‌లో వైఫై స్లో సమస్య తీరింది

ఫోన్‌లో నెట్ బాగానే వస్తోంది, పక్కనే ఉన్న ల్యాప్‌టాప్‌లో మాత్రం 3 ఎంబీపీఎస్ దాటట్లేదని అడిగాను కదా, కారణం దొరికింది. లాన్ కేబుల్ పెట్టి చూడమన్నవాళ్లకు ముందుగా చాలా థాంక్స్. కేబుల్‌తో ప్లాన్ ప్రకారం 100 పూర్తిగా వచ్చింది, అంటే లైన్‌లో తప్పేం లేదు, తేడా అంతా వైఫైలోనే.

అసలు కారణం యూఎస్‌బీ 3.0 హబ్ (ల్యాప్‌టాప్‌లో ఒక పోర్టుకి తగిలించి ఎక్కువ పోర్టులు చేసుకునే పెట్టె)! దానికి హార్డ్ డిస్క్ తగిలించి ఫైళ్లు కాపీ అవుతున్నంతసేపూ స్పీడ్ పడిపోతోంది, పీకేస్తే వెంటనే లేస్తోంది. యూఎస్‌బీ 3.0 పనిచేసేటప్పుడు పుట్టే రేడియో నాయిస్ వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ (రేడియో తరంగాల పరిధి) మీద కూడా పడుతుంది, దీని గురించి ఇంటెల్ 2012లోనే ఒక పేపర్ ఇచ్చింది. వైర్‌లెస్ మౌస్ ఆగి ఆగి కదలడం కూడా దీనివల్లేనని ఇప్పుడు అర్థమైంది, అదీ అదే బ్యాండ్ కాబట్టి.

రూటర్‌లో 2.4, 5 గిగాహెర్ట్జ్ అని ఉన్న రెండు వైఫై బ్యాండ్లకీ ఒకే పేరు ఉండటంతో ల్యాప్‌టాప్ ఎప్పుడూ 2.4కే అతుక్కునేది. 5 గిగాహెర్ట్జ్‌కి వేరే పేరు పెట్టి దానికే కలిపాను, హబ్‌ని పొడుగు కేబుల్‌తో బల్ల అవతలి చివరకి జరిపాను. ఇప్పుడు కాపీ నడుస్తున్నా 90 పైనే వస్తోంది, ఆఫీస్ కాల్స్ టెన్షన్ పోయింది. గోడలు దాటితే 5 సిగ్నల్ తగ్గుతుంది, అందుకే వెనక గదిలో మాత్రం 2.4 వాడుతున్నాను.

డీఎన్ఎస్ (సైట్ పేరుకి దాని నెట్ అడ్రస్ వెతికిపెట్టే సర్వీస్) మార్చినా స్పీడ్‌లో తేడా రాలేదు. ఇదే సమస్య ఉన్నవాళ్లు ముందు హబ్ పీకి చూడండి.