వైట్‌రన్ ద్వారం దగ్గర ముగియని లోడింగ్, అడవి బాటలో క్రాష్: అనుభవం ఉన్నవారు చెప్పగలరు

రాత్రిపక్షి:
స్కైరిమ్ ఆటకు కొత్త, 64 బిట్ల రూపమైన స్పెషల్ ఎడిషన్‌ను 1.5.97 వెర్షన్ దగ్గరే ఆపి ఉంచుకుని, మాడ్‌లు (ఆటగాళ్ళు తయారుచేసే మార్పులు) వేసుకుని ఆడుతున్నాను. పూర్తి ప్లగిన్‌లు (మాడ్‌లను ఆటకు చేర్చే ఫైళ్ళు) 231 ఉన్నాయి. మిగిలినవన్నీ ఈఎస్ఎల్ గుర్తు ఉన్న, ఆ లెక్కలోకి రాని తేలికపాటివి కనుక పూర్తి ప్లగిన్‌లకున్న 254 హద్దు దాటలేదు. ఫాల్క్‌రీత్ నుంచి రివర్‌వుడ్ వైపు వచ్చే బాటలో ఒకే ఒక్క మలుపు దగ్గర, ఎన్నిసార్లు వెళ్ళినా, ఏ హెచ్చరికా లేకుండా ఆట మూసుకుపోతోంది. వైట్‌రన్ ద్వారం తెరిచినప్పుడు మాత్రం మూసుకుపోదు. లోడింగ్ తెర మీద పొగ కదులుతూనే ఉంటుంది, బొమ్మను మౌస్‌తో తిప్పగలుగుతాను, కానీ నగరం రాదు. అది కూడా గంటసేపు ఆడిన తరువాతే జరుగుతోంది. మూడో సందేహం ఏమిటంటే, తప్పు చేసిన మాడ్ దొరికితే దాన్ని మధ్యలో తీసేసినా అరవై గంటల నా సేవ్ నిలుస్తుందా? లూట్ అనే సాధనంతో ప్లగిన్‌ల వరుస సరిచేయడం అయిపోయింది కనుక దాన్ని మళ్ళీ సూచించవద్దని మనవి.

తెల్లతోడేలు:
మీకు వైట్‌రన్ ద్వారం వరకూ వెళ్ళే భాగ్యమైనా కలిగింది. నాకు లోగో కనిపించిన మరుక్షణమే ఆట మాయమవుతోంది, మెయిన్ మెనూ ముఖం చూసి నాలుగు రోజులైంది. తాను ఆధారపడే మాస్టర్ ఫైల్ లేని ప్యాచ్ ఏదైనా ఉంటే ఇలా అవుతుందని తెలుసు, కానీ మాడ్‌లను నిర్వహించే మాడ్ ఆర్గనైజర్‌లో ఏ హెచ్చరిక గుర్తూ లేదు. మీరు లూట్‌ను ఒకసారి నడిపి చూశారా?

పాతకాపు:
ఆట విడుదలైన 2011 నుంచి మాడ్‌లు వేస్తున్నవాడిగా చెబుతున్నాను, గంట తరువాతే వచ్చే లోడింగ్ సమస్య నూటికి తొంభై పాళ్ళు మెమరీ సమస్యే. ముందు విండోస్ పేజ్ ఫైల్ (ర్యామ్‌కు తోడుగా డిస్క్ మీద ఉంచే చోటు) ఎంత ఉందో చూడండి. తొలి పరిమాణం 20480, గరిష్ఠం 40960 మెగాబైట్లుగా పెట్టి, కంప్యూటర్‌ను పునఃప్రారంభించి అప్పుడు మాట్లాడండి.

ర్యామ్‌రాజు:
ఈ పేజ్ ఫైల్ మంత్రాన్ని ఇంకా ఎన్నేళ్ళు జపిస్తారో అర్థం కాదు. 32 జీబీ ర్యామ్ ఉన్నవాడు డిస్క్ మీద మెమరీని ఎందుకు అడుక్కోవాలి? నేను పేజ్ ఫైల్‌ను పూర్తిగా తీసేసి మూడేళ్ళుగా ఆడుతున్నాను, ఒక్క క్రాష్ లేదు. 2011లో వచ్చిన 32 బిట్ల పాత ఆట కాలం నాటి సలహాలను 64 బిట్ల ఆటకు అంటగట్టవద్దు.

పాతకాపు:
మీ దగ్గర ఎన్ని మాడ్‌లు ఉన్నాయో సెలవిస్తారా?

ర్యామ్‌రాజు:
నలభై. మాడ్‌ల సంఖ్యకూ ఈ విషయానికీ సంబంధం లేదు.

పాతకాపు:
సంబంధం అంతా అక్కడే ఉంది. ఒక ప్రోగ్రామ్ మెమరీని అడిగినప్పుడు, దాన్ని వెంటనే వాడినా వాడకపోయినా, ఇస్తానని మాట ఇచ్చిన మేరకు విండోస్ లెక్కలో రాసుకుంటుంది. ఆ మాటల మొత్తం ర్యామ్, పేజ్ ఫైల్ రెండూ కలిపిన పరిమాణాన్ని మించడానికి వీలులేదు. అందువల్ల ర్యామ్‌లో సగం ఖాళీగా కనిపిస్తున్నా హద్దు నిండిపోయి, తరువాతి అడుగు దగ్గర ఆటకు చుక్కెదురు కావచ్చు. టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరిస్తే ‘కమిటెడ్’ అన్న చోట రెండు అంకెలు కనిపిస్తాయి, మొదటిది రెండోదానికి ఎంత దగ్గరగా వెళుతోందో ఆడుతున్నంతసేపూ గమనించండి. నలభై మాడ్‌లతో అది దగ్గరకు వెళ్ళదు కనుకే మీకు తెలియలేదు.

ర్యామ్‌రాజు:
పాఠం బాగుంది, కానీ అడిగినవారి ర్యామ్ ఎంతో తెలుసుకోకుండానే రోగం తేల్చేశారు. వైద్యం చేసేవారు ముందు నాడి పట్టుకుంటారు.

కొత్తవెలుగు:
అసలు 1.5.97 దగ్గర ఎందుకు ఆగిపోయారు? 1.6.1170కి వస్తే సగం తలనొప్పులు ఉండవు. ఇప్పుడు వస్తున్న ఈఎస్ఎల్ ఫైళ్ళలో చాలావాటికి పాత వెర్షన్ మీద అదనపు ప్లగిన్ లేకపోతే పూర్తిగా పనిచేసే వీలు కూడా లేదు.

గూటిపిచ్చుక:
2021 నవంబరులో 1.6 వచ్చిన రోజు ఎస్‌కేఎస్‌ఈ (ఆటకు అదనపు సామర్థ్యాలిచ్చే సాధనం) మీద ఆధారపడిన డీఎల్ఎల్ (ప్రోగ్రామ్ కోడ్ ఉన్న ఫైల్) మాడ్‌లన్నీ ఒక్కసారిగా నిలిచిపోయిన సంగతి మీకు గుర్తుందో లేదో. నేను ఆ రాత్రి తెలియక స్టీమ్‌ను తెరిచి ఉంచాను. అప్పటినుంచి ఆటను నేరుగా ప్రారంభించకుండా, ‘ప్రారంభించినప్పుడు మాత్రమే నవీకరించు’ అన్న అమరిక పెట్టుకుని, ఎస్‌కేఎస్‌ఈ లోడర్ ద్వారానే తెరుస్తున్నాను. ఎక్కడ ఉన్నవారిని అక్కడ ఉండనివ్వండి.

లాగ్‌చదువరి:
క్రాష్ లాగ్ (ఆట మూసుకుపోయినప్పటి వివరాల ఫైల్) లేకుండా ఇంతమంది ఇన్ని మాటలు రాయడం చూస్తే ముచ్చటేస్తోంది. రాత్రిపక్షి గారూ, ఒకే చోట ప్రతిసారీ జరిగే క్రాష్‌కూ, గంట తరువాత అప్పుడప్పుడూ వచ్చే లోడింగ్ సమస్యకూ ఒకే కారణం ఉండాలన్న నియమం లేదు. ఒకే చోట జరిగేది దాదాపుగా ఆ స్థలంలో ఉన్న వస్తువు వల్లనే జరుగుతుంది: చెడిపోయిన మెష్ (వస్తువు ఆకారపు ఫైల్), తొలగించిన నావ్‌మెష్ (పాత్రలు నడిచే దారుల పటం), లేదా పాత ఆట కోసం చేసిన ఫైల్. క్రాష్ లాగర్ వేసి, ఆ మలుపు దగ్గరకు మళ్ళీ వెళ్ళి, డాక్యుమెంట్స్‌లోని ఎస్‌కేఎస్‌ఈ ఫోల్డర్‌లో ఏర్పడిన ఫైల్‌ను తెరవండి. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం. లాగ్‌లో ఏదో ఒక డీఎల్ఎల్ పేరు కనిపించగానే అదే దోషి అని ఉరి తీసేవారు చాలామంది ఉన్నారు, ఆ జాబితాలో లోడ్ అయిన ప్రతి డీఎల్ఎల్ ఉంటుంది. మీరు చూడవలసినవి స్టాక్, రిజిస్టర్లు అన్న పేర్లున్న భాగాల్లో మళ్ళీమళ్ళీ వచ్చే ఎన్ఐఎఫ్ (మెష్) ఫైళ్ళ పేర్లు.

తెల్లతోడేలు:
మెనూయే రాని నాకు ఆ లాగ్ కూడా ఏర్పడటం లేదు. సేవ్ ఫైళ్ళు పాడైపోయినట్టు చూపించిన రోజులు కూడా ఉన్నాయి, అది వేరే కథ.

గూటిపిచ్చుక:
తెల్లతోడేలు గారూ, ఆ కథ నాకు తెలుసు. ప్లగిన్‌లు ఎక్కువైతే ఆట ఒకేసారి తెరవగలిగే ఫైళ్ళ సంఖ్య నిండిపోయి, బాగున్న సేవ్‌ను కూడా పాడైనదిగా చూపిస్తుంది. ఇంజిన్ ఫిక్సెస్ అనే మాడ్ ఆ హద్దును పెంచుతుంది. కానీ దాని రెండో భాగాన్ని మాడ్ మేనేజర్‌కు వదిలేయకుండా, ఆట ఎక్స్ఈ ఉన్న ఫోల్డర్‌లో స్వయంగా పెట్టాలి. నేను ఆరు నెలలు మొదటి భాగంతోనే ఆడి, అన్నీ వేసుకున్నానని మురిసిపోయాను.

రాత్రిపక్షి:
లాగ్‌చదువరి గారికి కృతజ్ఞతలు. మూడుసార్లు క్రాష్ చేసి చూశాను, మూడు లాగ్‌లలోనూ ఒకే పడిపోయిన చెట్టు దుంగ మెష్ పేరు ఉంది. అది 2011 నాటి ఆట కోసం చేసిన చెట్ల మాడ్ నుంచి, మార్చకుండా నేరుగా తెచ్చుకున్నది. ఆ ఫైల్‌ను నిఫ్ ఆప్టిమైజర్‌తో కొత్త ఆటకు తగినట్టు మార్చిన తరువాత ఆ మలుపును పన్నెండుసార్లు దాటాను. లోడింగ్ సమస్య విషయానికి వస్తే, నా ర్యామ్ 16 జీబీ, పేజ్ ఫైల్‌ను ఎవరి మాటో విని 2 జీబీకి కుదించి ఉంచాను. పాతకాపు గారు చెప్పినట్టు పెంచాక నాలుగు గంటలు ఆడినా వైట్‌రన్ ప్రతిసారీ తెరుచుకుంది.

పాతకాపు:
ర్యామ్‌రాజు గారికి నాడి దొరికిందా?

ర్యామ్‌రాజు:
ఆయన అదే రోజు మరేమైనా మార్చారేమో ముందు అడగండి. ఒకేసారి రెండు మార్పులు చేసినవారి ఫలితం సాక్ష్యం కాదు.

రాత్రిపక్షి:
నిజం చెప్పాలంటే 4కే టెక్స్చర్‌ల (వస్తువుల పైపూత చిత్రాల) ప్యాక్‌ను కూడా 2కేకి మార్చాను.

ర్యామ్‌రాజు:
ఇంకేం మాట్లాడాలి?

పాతకాపు:
టెక్స్చర్‌లు తగ్గిస్తే మెమరీ అవసరం తగ్గుతుంది, అంటే జబ్బు మెమరీదే అని మీరే ఒప్పుకున్నారు. అయినా మీతో వాదించడం నాదే పొరపాటు. రాత్రిపక్షి గారూ, పేజ్ ఫైల్ పెంచినది అలాగే ఉంచి పాత టెక్స్చర్‌లను తిరిగి వేసి ఒక సాయంత్రం ఆడండి, ఎవరి మాట నిలుస్తుందో చూద్దాం.

రాత్రిపక్షి:
శనివారం ప్రయత్నిస్తాను. కానీ నా మూడో ప్రశ్నను ఎవరూ ముట్టుకోలేదు.

లాగ్‌చదువరి:
మెష్‌లు, టెక్స్చర్‌లు మాత్రమే ఉన్న మాడ్ అయితే నిర్భయంగా తీసేయవచ్చు, సేవ్‌లో వాటి ఆనవాలు ఉండదు. స్క్రిప్ట్‌లు ఉన్న మాడ్ అయితే వాటి అవశేషాలు సేవ్‌లోనే మిగిలిపోతాయి. రీసేవర్ అనే సాధనంతో కొన్నింటిని శుభ్రం చేయవచ్చు, కానీ ఆట ఆ తరువాత ఎన్ని గంటలు సవ్యంగా నడుస్తుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. మీ దుంగ విషయంలో ప్రశ్నే లేదు, కాబట్టి అరవై గంటలూ క్షేమం.

తెల్లతోడేలు:
గూటిపిచ్చుక గారూ, రెండో భాగం పెట్టాను. ఈసారి లోగో కూడా రాలేదు.

గూటిపిచ్చుక:
మీ ఆట వెర్షన్ ఏమిటో ఇంతవరకూ చెప్పలేదు.