అప్‌డేట్: రీసైక్లింగ్ బండి రాలేదన్న ఫిర్యాదుల సంగతి

బండి రాలేదని ఇళ్లవాళ్లు, డబ్బా బయటే లేదని సిబ్బంది అంటుంటే ఎవరి మాట నమ్మాలని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

ఇప్పుడు డబ్బా ఎత్తకుండా వదిలేస్తే సిబ్బంది కారణం అక్కడికక్కడే ఫోన్‌లో నమోదు చేయాలి: బయట పెట్టలేదు, కారు అడ్డంగా ఉంది, తడి చెత్త కలిసింది. చాలా గొడవలకు మూలం ఈ మూడోదే. నూనె అంటిన అట్టపెట్టెలు, తిండి మిగిలిన డబ్బాలు కనిపిస్తే చెప్పాపెట్టకుండా వెళ్లిపోయేవాళ్లు; ఇంటివాళ్ల లెక్కలో మాత్రం బండి రానట్టే. ఇప్పుడు కారణం రాసిన చీటీ అంటిస్తున్నారు. (చీటీ చూసి ఇంకా మండిపడేవాళ్లూ ఉన్నారు, అది వేరే కథ.)

ఫిర్యాదు రాగానే పక్కిళ్ల డబ్బాలు ఎత్తారో లేదో చూస్తున్నాం. వీధంతా మిగిలిపోతే వాదన లేకుండా బండిని మళ్లీ పంపుతున్నాం. ఒకే ఇంటి నుంచి పదేపదే వస్తే సూపర్‌వైజరే వెళ్తున్నారు.