ఘాట్‌లో ట్రాలీ ఊగితే బ్రేకా, యాక్సిలరేటరా?

కడప కొత్త డ్రైవర్: బొలెరో వెనక రెండు చక్రాల ట్రాలీ కట్టి రాయచోటి నుంచి కడపకు గ్రానైట్ పలకలు తోలుతున్నా. గువ్వలచెరువు ఘాట్ దిగేటప్పుడు ట్రాలీ అటూ ఇటూ ఊగింది, భయమేసింది. బ్రేకు తొక్కమని ఒకరు, యాక్సిలరేటర్ ఇచ్చి లాగమని ఒకరు అంటున్నారు. ఏది కరెక్టన్నా?

డోన్ లారీ: రెండూ వద్దు తమ్ముడూ. గట్టిగా బ్రేకు పడితే వెనక బరువు బండిని నెట్టి ట్రాలీ అడ్డం తిరుగుతుంది. యాక్సిలరేటర్ మీద కాలు మెల్లగా తీసెయ్. స్టీరింగ్ నేరుగా పట్టుకో, ఊగుడుకు ఎదురు తిప్పొద్దు. దిగుడు మొదలు కాకముందే తక్కువ గేరులోకి రా. బ్రేకు మీదే దిగితే అవి వేడెక్కి పట్టు పోతుంది.

గ్రానైట్ షాపు: యాక్సిలరేటరే కరెక్టు. లాగితే ట్రాలీ నేరుగా వస్తుంది, ఎన్నోసార్లు చూశా.

డోన్ లారీ: దిగుడులో లాగితే వేగం పెరుగుతుంది. వేగం పెరిగేకొద్దీ ఊగుడూ పెరుగుతుంది. ముందు మలుపుంటే ఎక్కడికి లాగుతావన్నా?

గ్రానైట్ షాపు: మలుపు సంగతి ఎవరడిగారు? లాగితే నేరుగా వస్తుందా, రాదా? అది చెప్పు.

తాడిపత్రి: అసలు లోడు ఎక్కడ పేర్చారు?

కడప కొత్త డ్రైవర్: వెనక డోరు దగ్గర. దించడం సులువని హమాలీలు అక్కడే పెడతారు.

తాడిపత్రి: ఊగేది అందుకే. రెండడుగుల పలక ఒక్కటే దాదాపు 20 కిలోలు. అవన్నీ ఇరుసు వెనక పడితే హుక్కు పైకి లేస్తుంది, బొలెరో వెనక టైర్లకు పట్టు తగ్గుతుంది. ట్రాలీ మొత్తం బరువులో పదో వంతైనా హుక్కు మీద ఉండాలి. అలాగని అంతా ముందుకే తోస్తే స్టీరింగ్ తేలికైపోతుంది.

గ్రానైట్ షాపు: ముందు పేరిస్తే దించడానికి ఇంకో మనిషి కావాలి. ఆ కూలి నువ్విస్తావా?

డోన్ లారీ: ఇప్పుడు బయటపడింది అసలు మాట! మా బావమరిది ఇలాంటి లోడుతోనే బోల్తా పడ్డాడు. పేర్పించింది ఓనరు, కేసు డ్రైవరు మీద. ఆసుపత్రి ఖర్చు కూడా ఇవ్వలేదు.

గ్రానైట్ షాపు: నీ ఇంటి గొడవ నాకెందుకు పూస్తావు? తాళం తీసుకున్నాక చూసుకోవలసింది డ్రైవరే.

డోన్ లారీ: చూసి మార్చమంటే 'ఇంకో డ్రైవరు దొరుకుతాడు' అంటారు కదన్నా. ఎవరికి చెప్పుకోవాలి?

నంద్యాల రోడ్డు: 1988 మోటారు వాహనాల చట్టం, సెక్షన్ 113 చూడండి. అధిక లోడుతో దొరికినప్పుడు డ్రైవరు ఓనరు కాకపోతే, ఓనరుకు తెలిసే జరిగిందని కోర్టు భావించవచ్చు. సెక్షన్ 194 కింద జరిమానా 20,000 రూపాయలు, పైన ఎక్కువైన ప్రతి టన్నుకూ 2,000. తోలిన వాడికే కాదు, తోలించిన వాడికీ వర్తిస్తుంది.

గ్రానైట్ షాపు: అది అధిక లోడుకు. నాది లిమిట్‌లోనే ఉంటుంది. వెనక పేర్చకూడదని ఏ సెక్షన్‌లో ఉంది?

డోన్ లారీ: సెక్షన్‌లో లేకపోతే మనిషి పోయినా ఫరవాలేదా?

కడప కొత్త డ్రైవర్: మా ఓనరూ కూలి మాటే అన్నాడు. రేపు నేనే దగ్గరుండి పేర్పిస్తా. ఒప్పుకోకపోతే తోలను.

తాడిపత్రి: మంచిది తమ్ముడూ. తగిలించే ముందు హుక్కు చేత్తో ఎత్తి చూడు. తేలిగ్గా లేచిందంటే బరువు ఇంకా వెనకే ఉన్నట్టు. సేఫ్టీ గొలుసులు రెండూ హుక్కు కింద ఒకదాని మీదుగా ఒకటి దాటించి కట్టు.